పెరట్లో తేనెపిట్టలు: ఏది ఏదో పోల్చుకోవడం ఎలా?

ప్రశ్న: మాది తిరుపతి. రిటైరయ్యాక పొద్దుటి కాఫీ పెరట్లోనే తాగుతున్నాను. మందార, దానిమ్మ, నూరువరహాల మొక్కల మీదకి బుల్లి బుల్లి పిట్టలు వస్తుంటాయి. ఒకటి నల్లగా నిగనిగలాడుతుంది. ఇంకొకదానికి పొట్ట పసుపు, వీపు మెరూన్ రంగు. మూడోది పసుపే కానీ గొంతు నుంచి పొట్ట దాకా కాటుకతో గీసినట్టు నల్ల గీత ఉంటుంది. ఈ గీత పిట్ట దసరా రోజుల్లో కనిపిస్తుంది, సంక్రాంతి దాటాక మళ్ళీ కనపడదు. ఏ గీతా లేని పసుపు పిట్టలైతే బోలెడు. ఫోన్లో యాప్‌ని అడిగితే ఒకరోజు ఒక పేరు, మర్నాడు ఇంకో పేరు చెబుతోంది. డల్లాస్‌లో ఉన్న మా అబ్బాయి ఫోటో చూసి హమ్మింగ్‌బర్డ్ అన్నాడు, చక్కెర నీళ్ళ సీసా కట్టమన్నాడు. ఇవన్నీ వేరు వేరు జాతులా? ఎలా గుర్తుపట్టాలి? ఒకటేమో కారు అద్దాన్ని రోజూ పొడుస్తోంది, దానికి పిచ్చి పట్టిందేమోనని భయంగా ఉంది. పిచ్చుకల్లో కూడా రెండు మూడు రకాలు ఉన్నట్టు అనిపిస్తోంది. కాస్త వివరంగా చెప్పండి.
– ఒక పాఠకురాలు

సమాధానం: మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా నచ్చిన మాట "దసరా రోజుల్లో కనిపిస్తుంది, సంక్రాంతి దాటాక కనపడదు" అన్నది. చాలామంది రంగు ఒక్కటే రాసి పంపుతారు. మీరు నెల కూడా గమనించారు. మీ ప్రశ్నలో సగానికి జవాబు అందులోనే ఉంది.

ఆ గీత పిట్ట ఎక్కడికీ పోలేదండీ. మీ మందార మీదే ఉంది, నల్లగా మారిపోయింది. మీరు చెప్పిన నల్ల పిట్ట, గీత పిట్ట రెండూ ఒకటే జాతి. దాని పేరు పర్పుల్ సన్‌బర్డ్, మన తేనెపిట్టల్లో బాగా తెలిసినది. గూడు కట్టి పిల్లల్ని పెంచే కాలంలో మగది నలుపు, ఊదా, నీలం కలిసిన మెరుపుతో ఉంటుంది. ఆ కాలం అయిపోయాక ఈకలు రాల్చి, దాదాపు ఆడదానిలాగే పసుపు రంగులోకి వస్తుంది. గొంతు మధ్య నుంచి కిందికి దిగే నల్లటి గీత, ముదురు రెక్కలు మాత్రం మిగులుతాయి. వానాకాలం చివరి నుంచి చలికాలం దాకా ఈ వేషం. తర్వాత మళ్ళీ కొత్త ఈకలు వస్తాయి. ఈసారి సంక్రాంతి ముందూ వెనకా జాగ్రత్తగా చూడండి. గీత అంచులు చెదిరి, పసుపు మధ్య నల్ల మచ్చలు లేచి, అతుకులు వేసినట్టున్న పిట్ట కనపడవచ్చు. అది నాలుగో జాతేమీ కాదు, ఈకలు మార్చుకుంటున్న అదే మగపిట్ట. ఎండాకాలంలో కూడా ఎప్పుడైనా గీత పిట్ట కనిపిస్తే కంగారు పడకండి, అది ఇంకా ఈడు రాని కుర్ర మగది అయి ఉంటుంది.

మెరూన్ వీపు, పసుపు పొట్ట ఉన్నది మాత్రం నిజంగానే వేరే జాతి. దాన్ని పర్పుల్ రంప్డ్ సన్‌బర్డ్ అంటారు. తోక మొదలయ్యే చోట, నడుము మీద ఊదా రంగు ఉంటుంది కాబట్టి ఆ పేరు. కానీ రెక్కలు ముడుచుకుని కూర్చుంటే ఆ ఊదా రంగు కనపడదు. అందుకే ఆ పేరు పట్టుకుని వెతికితే దొరకదు. గొంతు ఊదా, దాని కింద మెరూన్ పట్టీ, ఆ కింద చక్కటి పసుపు, రెండు పక్కలా తెలుపు: ఇలా చూస్తే ఇట్టే తెలిసిపోతుంది. తల అటూ ఇటూ తిప్పినప్పుడు నడినెత్తి మీద ఆకుపచ్చగా ఒక తళుకు కూడా చూస్తారు. ఈ మగది వేషం మార్చదు. జనవరిలో ఎలా ఉంటుందో అక్టోబరులోనూ అలాగే ఉంటుంది. కొత్తగా మొదలుపెట్టే వాళ్ళు ముందు దీన్ని నేర్చుకోవాలని నేను అందుకే చెబుతాను. ఏడాది పొడుగునా మారని పిట్ట ఒకటి చేతిలో ఉంటే మిగతావాటిని దానితో పోల్చి చూడవచ్చు.

యాప్ ఎందుకు మాట మారుస్తోందో ఇప్పుడు చెబుతాను. ఈ మగపిట్టల మెరుపు మామూలు రంగు కాదు. మందార పువ్వు ఎరుపులా ఈకలో ఆ రంగు ఉండదు. ఈకల్లో ఉన్న అతి సన్నటి పొరల మీద వెలుతురు పడి విరగడం వల్ల ఊదా, నీలం, ఆకుపచ్చ తళుకులు పుడతాయి. వెలుతురు కోణం మారితే రంగూ మారుతుంది. నీడలో అదే పిట్ట బొగ్గులా ఉంటుంది, రెండడుగులు ఎండలోకి జరిగితే ఊదాగా వెలుగుతుంది. ఇక మీరు పిట్ట వెనక ఎండ ఉండగా ఫోటో తీశారనుకోండి, నల్లటి నీడ తప్ప ఇంకేమీ పడదు. యాప్ ఆ నీడని చూసి ఏదో ఒక పేరు చెప్పాలి కదా! పొద్దున్న ఎండ మీ వీపు మీద పడేలా కూర్చోండి, సగం టెన్షన్ పోతుంది. యాప్‌లో మీ ఊరు, ఆనాటి తేదీ సరిగ్గా ఉన్నాయో లేదో కూడా ఒకసారి చూసుకోండి. మెర్లిన్ లాంటి యాప్‌లు ఆ చోట, ఆ రోజుల్లో ఏ పిట్టలు తిరుగుతాయో లెక్కలోకి తీసుకునే పేరు సూచిస్తాయి. పాత ఫోటో పెట్టి తేదీ ఇవాళ్టిది ఇచ్చినా, ఊరు వేరేది పడినా జవాబు మారిపోతుంది.

అసలు కష్టం ఆడపిట్టలతో. మీరు "బోలెడు" అని రాసిన గీత లేని పసుపు పిట్టలు చాలావరకు ఇవే. వీపు చూస్తే లాభం లేదు, అన్నీ బూడిద కలిసిన ఆకుపచ్చే. గొంతు చూడండి. గడ్డం కింద నుంచి పొట్ట దాకా ఒకే లేత పసుపు, మధ్యలో ఎక్కడా తేడా లేకుండా పాకి ఉంటే అది పర్పుల్ సన్‌బర్డ్ ఆడది. కంటి పైన సన్నగా, లేతగా ఒక కనుబొమ గీత కూడా ఉంటుంది. అలా కాకుండా గొంతు తెల్లగా, బూడిదగా ఉండి, రొమ్ము దగ్గర నుంచి పసుపు మొదలై, పక్కలు మళ్ళీ తెల్లబడితే అది పర్పుల్ రంప్డ్ ఆడది. ఆకుల్లో తల దూర్చి తేనె తాగుతున్నంతసేపూ గొంతు కనపడదు. ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకి మారే ముందు కొమ్మ మీద ఒక్క క్షణం నిటారుగా నిలబడుతుంది. అప్పుడు చూడాలి. బైనాక్యులర్స్ ఉంటే మంచిది, లేకపోయినా మందార దగ్గరికి ఇవి ఎంత చేరువగా వస్తాయంటే మామూలు కంటికే ఆ తెల్ల గొంతు తెలుస్తుంది.

ఇంకో దారి కూడా ఉంది, నాకు దాని మీదే ఎక్కువ నమ్మకం. ఆడపిట్ట ఒంటరిగా వచ్చినప్పుడు పేరు పెట్టేయకండి. కాసేపు ఆగండి. వెనకాలే దాని జోడీ వస్తుంది. పర్పుల్ రంప్డ్ జంటలు మరీ కలిసి తిరుగుతాయి. మగది ఏమిటో తెలిస్తే ఆడది ఏమిటో తెలిసినట్టే. గూడు కట్టే రోజుల్లో అయితే అనుమానమే ఉండదు. ఆడది సాలెగూడు పోగులు, బెరడు ముక్కలు, ఎండుటాకులు ముక్కున పట్టుకుని ఒకే చోటికి పదే పదే వెళుతుంటుంది, మగది పక్కనే తిరుగుతూ అరుస్తుంటుంది.

మీరు తిరుపతిలో ఉన్నారు కాబట్టి ఇంకో పేరు కూడా చెప్పాలి. హైదరాబాద్ పాఠకులు అడిగి ఉంటే ఈ పేరా రాసేవాణ్ణి కాదు. తూర్పు కనుమల వైపు, శేషాచలం చుట్టుపక్కల లోటెన్స్ సన్‌బర్డ్ అనే మూడో తేనెపిట్ట కూడా ఉంటుంది. 18వ శతాబ్దంలో సిలోన్‌ను ఏలిన డచ్ గవర్నరు లోటెన్ పేరు పెట్టారు దానికి. దక్షిణ భారతంలో, శ్రీలంకలో తప్ప ఇంకెక్కడా లేని పిట్ట. మగది దూరం నుంచి అచ్చం పర్పుల్ సన్‌బర్డ్ లాగే నల్లగా ఉంటుంది, అందుకే రెండిటినీ ఒకటే అనుకుంటారు. రంగు జోలికి పోకుండా ముక్కు చూడండి. పర్పుల్ సన్‌బర్డ్ ముక్కు సన్నగా, కొంచెం వంగి ఉంటుంది. లోటెన్స్ ముక్కు బాగా పొడుగు, వంపు కూడా బాగా ఎక్కువ, ఇంత చిన్న తలకి అంత ముక్కేమిటి అనిపిస్తుంది. ఒంటి సైజు కూడా కాస్త పెద్దదే. ఎండలో చూస్తే పొట్ట నలుపు కాదు, మసిబారిన గోధుమ రంగు. దాని ఆడపిట్టకి కూడా అదే పొడుగు ముక్కు, కనుబొమ గీత ఉండదు. మీ నల్ల పిట్టల్లో ఒకటి ఇదే అయి ఉండే అవకాశం ఉంది.

పసుపుగా, ఆకుపచ్చగా ఉన్న ప్రతి చిన్న పిట్టా తేనెపిట్ట కాదు. దగ్గర్లో నక్కరేగు చెట్టు, అదే సింగపూర్ చెర్రీ ఉన్నా, మామిడి కొమ్మ మీద బదనిక పట్టినా, ఫ్లవర్‌పెకర్ వస్తుంది. మన దేశంలో అతి చిన్న పిట్టల్లో అదొకటి. దాని ఒంటి మీద చెప్పుకోదగ్గ పసుపు ఉండదు, ముక్కు పొట్టిగా, లేత రంగులో ఉంటుంది. ముక్కు తిన్నగా ఉండి, రెక్క మీద రెండు తెల్ల చారలుంటే అయోరా. కంటి చుట్టూ తెల్లటి ఉంగరం ఉంటే వైట్ ఐ. నెత్తి మీద ఇటుక రంగు, తోక నిక్కబొడుచుకుని, పిట్ట కొంచెమే అయినా పెరడంతా మారుమోగేలా అరుస్తుంటే అది కుట్టుపిట్ట, ఇంక చూడనక్కర్లేదు.

మీ అబ్బాయి మాటకి వద్దాం. హమ్మింగ్‌బర్డ్స్ మూడు వందలకు పైగా జాతులున్నాయి, అన్నీ ఉత్తర, దక్షిణ అమెరికా ఖండాల్లోనే. మన దేశంలో ఒక్కటీ లేదు. అవీ ఇవీ రెండూ పువ్వుల తేనె తాగి బతుకుతాయి కాబట్టి సన్నటి ముక్కు, మెరిసే రంగులు, చిన్న ఒళ్ళు రెండిటికీ వచ్చాయి, అంతే తప్ప చుట్టరికం లేదు. హమ్మింగ్‌బర్డ్ గాల్లో నిలబడే తాగుతుంది. మన తేనెపిట్ట కూడా అప్పుడప్పుడు ఒకటి రెండు క్షణాలు గాల్లో రెక్కలాడిస్తుంది, మీ అబ్బాయి చూసిన ఫోటో బహుశా అలాంటిదే. కానీ ఎక్కువగా కొమ్మ పట్టుకుని, అవసరమైతే తలకిందులుగా వేలాడి తాగుతుంది. పొడుగాటి పువ్వులైతే లోపలికి ముక్కు పెట్టే శ్రమ కూడా పడదు. మీ మందార పువ్వు అడుగున, తొడిమకి కాస్త పైన సన్నటి చిల్లు ఉందేమో చూడండి. అక్కడ పొడిచి తేనె లాగేస్తుంది. ఇంకో మాట, మీ అబ్బాయికి కూడా మీకున్న ఇబ్బందే ఉంటుందని చెప్పండి. డల్లాస్ వైపు రూబీ థ్రోటెడ్, బ్లాక్ చిన్డ్ అని రెండు రకాల హమ్మింగ్‌బర్డ్స్ వస్తాయి. మగవాటి గొంతు రంగు వేరు కాబట్టి వాటిని పోల్చవచ్చు. ఆడవి మాత్రం అక్కడి అనుభవజ్ఞులకీ అంత తేలిగ్గా అంతుపట్టవు.

చక్కెర నీళ్ళ సీసా వద్దండీ. మన ఎండలకి ఆ నీళ్ళు గంటల్లోనే పులుస్తాయి, చీమలు పడతాయి, రోజూ కడగకపోతే బూజు పడుతుంది. మీ పెరట్లో మందార, దానిమ్మ, నూరువరహాలు ఉండగా వాటికి ఏ లోటూ లేదు. వాటికి నిజంగా కావలసినవి పురుగులు, సాలెపురుగులు. పెద్ద పిట్టలు తేనె తాగినా పిల్లలకి పెట్టేది పురుగుల్నే. కాబట్టి మందారకి పిండినల్లి పట్టిందని మందు కొట్టే ముందు ఒక్కసారి ఆలోచించండి. నీళ్ళు గట్టిగా చిమ్మినా, పట్టిన కొమ్మలు కత్తిరించినా చాలావరకు పోతుంది. అలాగే పండక్కి బూజు దులిపేటప్పుడు ఇంటి లోపల ఎంతైనా దులపండి, పెరటి గోడ మూలల్లో, చెట్ల మధ్య ఉన్న సాలెగూళ్ళు మాత్రం వదిలేయండి. తేనెపిట్ట గూడు సంచీలా వేలాడుతుంది, ఆ సంచీని కలిపి పట్టి ఉంచేది సాలెపోగులే. పక్కన ద్వారం, దాని మీద చిన్న చూరు, పైనంతా బెరడు పెళ్ళలు, చెత్త అతికించి ఉంటుంది. ఏదో చెత్త తీగకి చిక్కుకుందనుకుని తీసిపారేసే ఇళ్ళు చాలా చూశాను, నాకు చాలా బాధగా ఉంటుంది. బట్టల తీగకో, వరండా బల్బు వైరుకో అలాంటిది వేలాడుతుంటే చెయ్యి పెట్టకండి. మామూలుగా రెండు గుడ్లు పెడుతుంది. రెండు వారాలు పొదగడం, మరో రెండు వారాలు పిల్లల్ని మేపడం. ఆ నెల రోజులూ బట్టలు వేరే చోట ఆరేసుకుంటే సరిపోతుంది.

కారు అద్దం పొడిచే పిట్టకి పిచ్చేమీ పట్టలేదు. అద్దంలో కనపడేది తన చోటు ఆక్రమించడానికి వచ్చిన ఇంకో మగది అనుకుని తరుముతోంది. గూడు కట్టే రోజుల్లో ఇది మామూలే. అయితే గంటల తరబడి అలా పోట్లాడితే అలిసిపోతుంది, ఎండాకాలంలో మరీ. కారు ఆపగానే అద్దానికి పాత సాక్సో, గుడ్డ సంచో తొడిగేయండి. ప్రత్యర్థి కనపడకపోతే కొద్ది రోజుల్లో మానేస్తుంది.

ఇక పిచ్చుకలు. గోడ సందుల్లో, రేకు కింద గూడు పెట్టేది మన ఊరపిచ్చుక. మగదానికి గొంతు మీద నల్లటి మచ్చ, ఆడది చప్పటి గోధుమ రంగు, కంటి వెనక లేత గీత. పిచ్చుకలాగే ఉండి నెత్తి, రొమ్ము పసుపు పచ్చగా, కళ్ళ చుట్టూ ముదురు గోధుమ రంగు కమ్మి ఉంటే అది వానాకాలం వేషంలో ఉన్న మగ గిజిగాడు. ఆ కాలం పోతే గిజిగాడు కూడా ఆడ పిచ్చుకలా మారిపోతుంది, మీ గీత పిట్ట కథే ఇక్కడా. అప్పుడు ముక్కు మందం చూడండి, తోక చూడండి. గిజిగాడి ముక్కు మరింత లావు, తోక పొట్టి. ఈత చెట్టో తాటి చెట్టో దగ్గర్లో ఉంటే పైకి చూడండి, వేలాడే గూళ్ళు చెప్పేస్తాయి.

మూడో రకం ఉంటే అది పసుపు గొంతు పిచ్చుక. ఊరపిచ్చుక కన్నా సన్నగా ఉంటుంది, గొంతు మీద చిన్న పసుపు చుక్క, మగదానికి భుజం మీద ఇటుక రంగు మచ్చ, రెక్క మీద తెల్ల చారలు. ఇది గోడల్లో కాదు, చెట్టు తొర్రల్లో గూడు పెడుతుంది. పేరున్న పక్షి శాస్త్రవేత్త సలీం అలీ పిట్టల దారి పట్టింది దీని వల్లే. చిన్నప్పుడు, 1908 ప్రాంతంలో, ఎయిర్‌గన్‌తో కొట్టిన ఒక పిచ్చుక గొంతు మీద పసుపు మచ్చ చూసి, ఇదేమిటో తేల్చుకుందామని బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి పట్టుకెళ్ళాడు. అక్కడి కార్యదర్శి మిలార్డ్ దాని పేరు చెప్పి, వరసగా సొరుగులు తెరిచి భద్రపరిచిన పిట్టలన్నీ చూపించాడు. ఆ కుర్రాడే పెద్దయ్యాక 1931-32లో మన హైదరాబాద్ సంస్థానంలోని పిట్టల్ని సర్వే చేశాడు. ఇంట్లో పిల్లలెవరైనా ‘ఇది మామూలు పిచ్చుక కాదు’ అంటే కొట్టిపారేయకండి, ఎక్కడ తేడా కనపడిందో అడగండి.

ఇప్పుడు మీరు చేయాల్సిన పని ఒకటుంది. కాఫీ బల్ల మీద ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. పిట్ట పేరు రాయకండి. తేదీ, గొంతు రంగు, ముక్కు పొడుగు, పక్కన జోడీ ఎవరు, ఏ పువ్వు మీద: ఇవి రాయండి. పేరు నెల తర్వాత పెట్టుకోవచ్చు. ఏటా ఫిబ్రవరిలో ప్రపంచమంతటా నాలుగు రోజుల పాటు పెరటి పిట్టల లెక్కింపు జరుగుతుంది, మన దేశం 2013 నుంచి అందులో ఉంది. పావుగంట చూసి లెక్క రాసినా తీసుకుంటారు. అప్పటికి మీ పుస్తకంలో గీత పిట్ట నల్లబడే తంతు మొత్తం ఉంటుంది.

మీ నల్ల పిట్టలు పర్పులా, లోటెన్సా అన్నది తేలాలంటే నాకు ఒక ఫోటో కావాలి. రంగు బాగా పడకపోయినా ఫర్వాలేదు, నీడలా ఉన్నా ఫర్వాలేదు. పిట్ట పక్కకి తిరిగి ఉండి ముక్కు మొదలు నుంచి చివరి దాకా కనపడాలి. వెనక ఆకులు కాకుండా ఆకాశమో, గోడో ఉంటే ఇంకా మంచిది. ఫోటోతో పాటు తేదీ రాయడం మరిచిపోకండి.